పాస్‌పోర్టులో కనిపించని కులం గడి

మా ఇంట్లో మేమిద్దరం అన్నదమ్ములం. ఇద్దరి కులధ్రువీకరణ పత్రాల మీదా ఉన్నది ఒకే మాట: వాడబలిజ, బీసీ–ఏ. పుట్టిన ఊరు ఒకటే, పెరిగిన ఇల్లు ఒకటే, చాలాకాలం రేషన్ కార్డూ ఒకటే. పాస్‌పోర్టులు మాత్రం రెండు రకాలు. వీసా దొరికితే చాలు, నేను ఏ దేశానికైనా ఉద్యోగానికి వెళ్లవచ్చు. నా ప్రభుత్వాన్ని మళ్లీ అనుమతి అడగనక్కరలేదు. నా తమ్ముడి పాస్‌పోర్టు ‘ఈసీఆర్’ తరగతికి చెందినది. గల్ఫ్ దేశాలు, మలేషియా, థాయిలాండ్, ఇరాక్ సహా మొత్తం 18 దేశాల్లో పనికి వెళ్లాలంటే వాడు ముందుగా ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్’ అనే కేంద్రాధికారి అనుమతి పొందాలి. ఈ తేడాకు కారణం ఒక్కటే. నేను పదో తరగతి పాసయ్యాను, వాడు ఆ పరీక్ష రాయలేదు.

ఎందుకు రాయలేదో చెప్పాలి. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. ఆ తీరంలో మరపడవలు నిలిపి చేపలు దింపుకోగల రేవు మాత్రం తరాలుగా లేదు. అందుకే ఎచ్చెర్ల మొదలు విజయనగరం జిల్లా పూసపాటిరేగ వరకు మత్స్యకార గ్రామాల మగవాళ్లు ఏటా రైలెక్కి గుజరాత్‌లోని వెరావల్‌కు పోయి, అక్కడి యజమానుల బోట్ల మీద నెలల తరబడి పనిచేస్తారు. పదిహేనో ఏట తమ్ముడు నాన్న వెంట ఆ రైలెక్కాడు. ఇద్దరి సంపాదన కలిస్తే తప్ప నా చదువు సాగదని ఇంట్లో తేల్చారు. తర్వాత వాడు విశాఖలో వెల్డింగ్ నేర్చుకొని గల్ఫ్ వెళ్లాడు. నేను విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధిస్తున్నాను. నా పాస్‌పోర్టుకున్న స్వేచ్ఛకు మూల్యం వాడు చెల్లించాడు. ఈ వ్యాసం ఆ అప్పు గుర్తెరిగి రాస్తున్నది.

ఈసీఆర్ నిబంధనకు మూలం 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం. పదో తరగతి పాసైనవారికి, ఆదాయపు పన్ను కట్టేవారికి, యాభై ఏళ్లు దాటినవారికి, అప్పటికే మూడేళ్లు విదేశాల్లో ఉన్నవారికి దీని నుంచి మినహాయింపు ఉంది. చదువులేని నిరుపేదను మోసగాళ్ల బారి నుంచి కాపాడటం దీని ఉద్దేశమని ప్రభుత్వం చెబుతుంది. ఆ ఉద్దేశాన్ని నేను శంకించను. కానీ మినహాయింపుల జాబితాను మరోసారి చదవండి. చదువు, ఆస్తి, వయసు, పూర్వానుభవం: వీటిలో ఏదో ఒకటి ఉన్నవాడు తన మేలు తానే తెలుసుకోగల పౌరుడు. ఏదీ లేనివాడు అనుమతి కోసం దరఖాస్తు పెట్టుకోవలసిన పౌరుడు. ముప్పై ఏళ్లు నిండని ఈసీఆర్ మహిళకైతే ఆ 18 దేశాల్లో పనికి అనుమతే లేదు. అదే వయసున్న పట్టభద్రురాలికి మాత్రం ఈ నిషేధం వర్తించదు.

పాస్‌పోర్టులో కులం గడి లేదు కదా, దీన్ని కుల సమస్య అని ఎలా అంటారని కొందరు మిత్రులు అడుగుతారు. గడి లేని మాట నిజమే. అయితే ఉత్తరాంధ్రలో ఆ గడి చేయవలసిన పనిని పదో తరగతి చేస్తోంది. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం కాగా శ్రీకాకుళం జిల్లాలో అది 61.74 శాతం, విజయనగరం జిల్లాలో 58.89 శాతం. ఈ వెనుకబాటు కులాలన్నిటి మీదా సమానంగా పడలేదు. పదో తరగతికి ముందే బడి మానేసిన పిల్లలు ఎవరో తెలుసుకోవడానికి మా ప్రాంతంలో పెద్ద పరిశోధన అక్కరలేదు. తీరంలో వాడబలిజ, జాలరి, పల్లి వాడలకు, మైదానంలో మాల, రెల్లి పేటలకు, ఏజెన్సీలో సవర, జాతాపు గూడేలకు వెళ్లి, నలభై ఏళ్లు దాటినవారిని ఎంతవరకు చదివారని అడిగితే చాలు. పదో తరగతి అందరికీ ఒకే పరీక్ష. ఆ పరీక్ష గదికి చేరే దారి మాత్రం అందరికీ ఒకటి కాదు. ఆ దారిని కులం నిర్ణయించినప్పుడు, ఆ పరీక్ష మీద నిలబెట్టిన చట్టంలోకి కులం పేరు చెప్పకుండానే ప్రవేశిస్తుంది.

కులం గడి బాహాటంగా ఉన్న కాలమూ ఒకటుంది. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి మొదటి ఒప్పంద కూలీలతో దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవుకు చేరింది. 1911 వరకు అలా నేటాల్‌కు చేరినవారు లక్షా యాభై రెండు వేల పైచిలుకు. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు నుంచి ఓడ ఎక్కినవారే. ఆ ఓడల జాబితాలను పాఠం కోసం చూసినప్పుడు గళ్ల వరుస నన్ను ఆపింది: సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటి మీద పుట్టుమచ్చలు. గంజాం, విశాఖపట్నం జిల్లాల పేర్లు అందులో పదేపదే కనిపిస్తాయి. నేటి శ్రీకాకుళం ఆనాడు చికాకోలు పేరుతో గంజాం జిల్లాలో ఉండేది. ఆ జాబితాలోని మనిషికి కాగితం ఉంది, కానీ అది అతడి స్వేచ్ఛకు హామీ కాదు. తోట విడిచి పారిపోతే పట్టుకోవడానికి ఆనవాలు. అతడిని ఓడ ఎక్కించేముందు పరిశీలించిన అధికారి హోదా పేరు ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్’. నా తమ్ముడికి అనుమతి ఇచ్చే అధికారి పేరూ నేటికీ అదే.

ఇక్కడ మన సమాజపు వైచిత్రి ఒకటుంది. ఆ కాలంలో సముద్రయానం పాపమని శాస్త్రం చెప్పుకున్నవారు పై కులాలవారు. 1888లో చదువు కోసం లండన్ బయలుదేరిన గాంధీని ఆయన కులపెద్దలు వెలివేశారు. తోటలకు, రేవులకు ఓడలెక్కిన కూలీ కులాలకు మాత్రం ప్రాయశ్చిత్తం మాట ఎవరూ గట్టిగా ఎత్తలేదు. తరాలు మారాక సముద్రం దాటడం పాపం నుంచి ప్రతిష్ఠగా మారింది. అప్పుడు కాగితాలన్నీ చదువుకున్నవారి పక్షానికి వచ్చాయి. సముద్రమే బతుకైనవారు అనుమతి అడగవలసినవారుగా మిగిలారు.

మా తాతల తరం రంగం వెళ్లడం గురించి చెప్పేది. రంగం అంటే రంగూన్. 1937 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం కనుక అక్కడి రేవుల్లో మూటలు మోయడానికి వెళ్లిన మనవాళ్లకు పాస్‌పోర్టుతో పని లేదు. అయితే పరాయివాళ్లు కావడానికి కాగితమే అక్కరలేదని 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద జరిగిన దాడులు చెప్పాయి. 1941లో ఇండో–బర్మా వలస ఒప్పందం ఆ రాకపోకలకు అనుమతి పత్రాలను నిర్దేశించింది. ఈలోగా 1922 నాటి వలస చట్టం ‘నైపుణ్యం లేని పని’కి వెళ్లేవాడిని, మిగతా ప్రయాణికుడిని వేరుచేసి చూసింది. ఆ చట్టం 1983 వరకు, అంటే స్వాతంత్ర్యం వచ్చాక 36 ఏళ్లపాటు అమలులో ఉంది.

స్వతంత్ర భారతం ఈ చూపును పూర్తిగా వదులుకోలేదు. 1947–67 మధ్య పాస్‌పోర్టును మన అధికారులు హక్కుగా కాక విశేషాధికారంగా చూశారనీ, ‘కూలీ’గా కనిపించే భారతీయుడు విదేశాల్లో దేశ ప్రతిష్ఠను తగ్గిస్తాడన్న భయం దాని వెనుక పనిచేసిందనీ, ఆ భయంలో కులమూ వర్గమూ కలగలిసి ఉన్నాయనీ చరిత్రకారిణి కళాత్మిక నటరాజన్ పరిశోధన చూపుతోంది. దేశ గౌరవం పేరిట దేశ పౌరుడినే గడపలో ఆపడం మనకు కొత్త కాదన్నమాట.

ఈ విశేషాధికారాన్ని హక్కుగా మార్చింది సుప్రీంకోర్టు. 1967 ఏప్రిల్ 10న సత్వంత్‌సింగ్ సాహ్ని కేసులో, విదేశాలకు వెళ్లే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని వ్యక్తి స్వేచ్ఛలో భాగమని ధర్మాసనం 3–2 మెజారిటీతో తీర్పు చెప్పింది. ఆ మెజారిటీ తీర్పునిచ్చిన ప్రధాన న్యాయమూర్తి రాజమహేంద్రవరంలో పుట్టిన కోకా సుబ్బారావు. ఆ తీర్పు ఫలితంగానే ఆ ఏడాది పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. 1978 జనవరి 25న మేనకా గాంధీ కేసులో, ఆ స్వేచ్ఛను పరిమితం చేసే పద్ధతి న్యాయంగా, సమంజసంగా, నిరంకుశత్వానికి తావులేకుండా ఉండాలని అదే కోర్టు చెప్పింది. న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ రెండు తీర్పులనూ కంఠస్థం చేస్తారు. మొదటి కేసులో పిటిషనర్ ఒక వ్యాపారి, రెండో కేసులో ఒక రాజకీయ కుటుంబ సభ్యురాలు. వారు గెలిచిన హక్కు అందరిదీ. కానీ రెండో తీర్పు వచ్చిన ఐదేళ్లకే వచ్చిన 1983 చట్టం, ఆ హక్కును నిరభ్యంతరంగా వాడుకోగలవారినీ, అధికారి సంతకంతో వాడుకోవలసినవారినీ విడదీసింది.

ఈ విభజన ఎంత లోతుగా పాతుకుందో 2018 సంవత్సరం ఒక్కటే చాలు చెప్పడానికి. ఆ జనవరిలో ఈసీఆర్ పాస్‌పోర్టులకు నారింజరంగు అట్ట వేస్తామని విదేశాంగ శాఖ ప్రకటించింది. విమానాశ్రయంలో జేబులోంచి తీయగానే వీడు చదువులేనివాడని నలుగురికీ తెలిసేలా రంగు! దేశమంతా విమర్శలు రావడంతో నెలాఖరుకు ఆ ప్రతిపాదనను ఉపసంహరించుకున్నారు. అదే ఏడాది నవంబరులో మరో ఉత్తర్వు వచ్చింది. ఆ 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లే చదువుకున్నవారు కూడా ముందుగా వివరాలు నమోదు చేసుకోవాలని అందులో ఉంది. అది అనుమతి కూడా కాదు, కేవలం నమోదు. చదువుకున్న ప్రవాసులు భగ్గుమన్నారు. అది తమ స్వేచ్ఛకు భంగమన్నారు. రెండు వారాలకే ఆ ఉత్తర్వును పక్కన పెట్టారు. రంగు పోయింది, నమోదూ పోయింది. పదో తరగతి లేనివాడి అనుమతి మాత్రం పోలేదు. రెండు వారాల పాటు నమోదు బరువు మోయలేకపోయిన మనం, దానికి మించిన బరువును దశాబ్దాలుగా మోస్తున్నవారి గురించి ఎన్ని వ్యాసాలు రాశాం?

రక్షణ సంగతేమిటని అడగడం న్యాయమే. ఈసీఆర్ కార్మికుడికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. నమోదైన ఏజెంటు, రాతపూర్వక ఒప్పందం ఉండాలి. ఇవి మేలు చేసే ఏర్పాట్లే. కానీ అనుమతి పొందే పద్ధతి ఎంత చిక్కుగా ఉంటే, దానిని తప్పించే దళారికి అంత గిరాకీ. సందర్శకుడిగా వెళ్లేవాడికి ఈ అనుమతి అక్కరలేదు. కనుక విజిట్ వీసా మీద పంపి, అక్కడికి చేరాక పనిలో పెట్టడం దళారికి పాఠమైపోయింది. అలా వెళ్లినవాడికి బీమా లేదు, ఒప్పందం లేదు, ఫిర్యాదు చేస్తే తానే నేరస్థుడు. మరోవైపు చదువు మోసాన్ని ఆపుతుందన్న నమ్మకమూ వమ్మయింది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి ఉత్తరాంధ్ర యువకులను కంబోడియా పంపి, అక్కడ సైబర్ మోసాలు చేయించిన ముఠా వ్యవహారాన్ని 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. ఆ యువకులు కంప్యూటర్ ముందు కూర్చోగల చదువున్నవారు. కంబోడియా ఆ 18 దేశాల జాబితాలోనే లేదు. అపాయం ఉన్నది పని ఇచ్చేవాడిలో, పంపేవాడిలో. మన చట్టం మాత్రం దానిని పనికి వెళ్లేవాడి మార్కుల జాబితాలో వెతుకుతోంది.

గమ్యం చేరాక పాస్‌పోర్టుకు ఏమవుతుందో కూడా చూడాలి. మా అమ్మ చనిపోయిన రోజు తమ్ముడికి ఫోన్ చేశాను. కాసేపు మాట లేదు. తర్వాత, ‘‘పాస్‌పోర్టు ఆళ్లకాడుంది అన్నయ్యా, నానెలాగ వత్తాను?’’ అన్నాడు. దిగిన రోజే యజమాని మనుషులు భద్రపరుస్తామని చెప్పి తీసుకున్నారట. పెద్దకర్మ అయిన నెలకు గాని వాడు ఇల్లు చేరలేదు. పాస్‌పోర్టుల చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం ప్రతి పాస్‌పోర్టూ ఎల్లప్పుడూ కేంద్ర ప్రభుత్వ ఆస్తి. 2008లో సురేశ్ నందా కేసులో సుప్రీంకోర్టు, పోలీసులు పాస్‌పోర్టును స్వాధీనం చేసుకోవచ్చు గాని అట్టే పెట్టుకోలేరనీ, ఆ అధికారం పాస్‌పోర్టు అధికారికే ఉందనీ తేల్చింది. మన దేశంలో సీబీఐ అట్టిపెట్టుకోలేని కాగితం, పరదేశంలో ఒక మేస్త్రీ సొరుగులో ఏళ్ల తరబడి ఉంటుంది. గల్ఫ్ దేశాల్లో సైతం యజమాని దానిని పట్టి ఉంచుకోవడాన్ని నిషేధించే నిబంధనలు ఉన్నాయి. అవి అమలు కావాలంటే ఫిర్యాదు చేయాలి. పాస్‌పోర్టు లేనివాడు ఆ ఫిర్యాదుకు వెళ్లే దారిలోనే పట్టుబడతాడు. బయలుదేరేముందు మార్కుల జాబితా అడిగిన ప్రభుత్వం, తన ఆస్తి ఎవరి సొరుగులో ఉందో మాత్రం అడగదు.

ఇక పాస్‌పోర్టు లేకుండానే దేశం దాటవలసి వచ్చినవారి మాట. 2018 నవంబరులో, అంటే చదువుకున్నవారి నమోదు మీద దుమారం రేగిన ఆ నెలలోనే, గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లిన 22 మంది ఆంధ్ర మత్స్యకారులను పాకిస్తాన్ సముద్ర భద్రతా దళం పట్టుకుంది. వారిలో అత్యధికులు ఎచ్చెర్ల తీరంలోని మత్స్యలేశం గ్రామాలు, విజయనగరం జిల్లా తిప్పలవలస వంటి ఊళ్ల నుంచి వెరావల్ వలస వెళ్లినవారు. కరాచీ జైలులో ఏడాదికి పైగా గడిపాక 20 మంది 2020 జనవరి 6న వాఘా వద్ద మన నేల మీద అడుగుపెట్టారు. మిగతా ఇద్దరు ఆ తర్వాత వచ్చారు. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమాతో ఈ కథ రాష్ట్రమంతా తెలిసింది. సినిమాలో వీరత్వం ఉంది, ప్రేమ ఉంది. తెర మీద అంతగా ఇమడనిది కాగితాల కథ.

రెండు దేశాల మధ్య 2008 మే 21న కుదిరిన కాన్సులర్ ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటారు. శిక్ష ముగిసి, జాతీయత ధ్రువపడిన నెలలోగా ఖైదీని విడిచిపెట్టాలి. ఆ ‘ధ్రువపడటం’ అన్న మాట దగ్గరే బతుకులు ఆగిపోతాయి. పట్టుబడిన మత్స్యకారుడు మనవాడేనని మన ప్రభుత్వం చెప్పాలి. అలా చెప్పడానికి ఊళ్లో అతడి ఇంటికి మనుషులు రావాలి, కార్డులు చూడాలి, నివేదిక పైకి పోవాలి. 2008 ముంబై దాడుల తర్వాత తీరప్రాంత మత్స్యకారులకు బయోమెట్రిక్ గుర్తింపు కార్డులు ఇచ్చారు. అంటే అతడి వేలిముద్రలు ప్రభుత్వం దగ్గర ముందే ఉన్నాయి. సముద్రం మీద అనుమానించడానికి పనికొచ్చిన ఆ కార్డు, జైలులో ఉన్నప్పుడు ‘వీడు మావాడు’ అని చెప్పడానికి కూడా అంతే వేగంగా పనికిరావాలి కదా. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం, ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపలవేట ఉల్లంఘనలకు, దేశాల మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు, జైలుశిక్ష వేయరాదంటుంది. భారత్, పాకిస్తాన్ రెండూ దానిలో సభ్యులే. అయినా గీత కనిపించని నీళ్ల మీద పొట్టకూటికి పోయినవాడు విదేశీ చొరబాటుదారుగా ఖైదవుతూనే ఉన్నాడు.

నా తమ్ముడికి కాగితం ఉంది, అది ఇంకొకరి చేతిలో ఉంది. మత్స్యలేశం మనిషికి కార్డు ఉంది, కావలసినప్పుడు అది అతడి తరఫున మాట్లాడలేదు. ఇద్దరూ పౌరులే. ఇద్దరి పౌరసత్వమూ కార్యాలయం అడిగినప్పుడు రుజువు చేసుకోవలసినదిగా ఉంది గాని, ఆపదలో వారికి అండగా నిలిచేదిగా లేదు.

చేయవలసిన పనులు అసాధ్యమైనవేమీ కావు. 1983 చట్టం స్థానంలో కొత్త చట్టానికి 2019లో, 2021లో, 2025లో ముసాయిదాలు వచ్చాయి. కొత్త చట్టంలో పదో తరగతి గీతను తీసివేసి, రక్షణను వలస వెళ్లే ప్రతి కార్మికుడికీ వర్తింపజేయాలి. తనిఖీ భారం ఏజెంటు మీద, యజమాని మీద, ఒప్పందం మీద పెట్టాలి. పాస్‌పోర్టు కార్మికుడి దగ్గరే ఉండాలన్న షరతు ప్రతి ఒప్పందంలో ఉండాలి. దాన్ని ఉల్లంఘించిన యజమానికి మళ్లీ మన కార్మికుడిని పంపరాదు. ఇంట్లో చావు జరిగితే రాయబార కార్యాలయం రోజుల్లో ప్రయాణ పత్రం ఇవ్వాలి. నమోదైన ఏజెంట్ల జాబితా సోంపేట, కవిటి, పలాస వంటి వలస మండలాల్లోని ప్రతి గ్రామ సచివాలయంలో తెలుగులో అతికించాలి. వెరావల్ వెళ్లే ప్రతి మత్స్యకారుడి వివరాలు బోటు పేరుతో సహా బయలుదేరేనాడే నమోదై, పట్టుబడిన వారంలోగా జాతీయత ధ్రువీకరణ వెళ్లాలి. అన్నిటికీ మించి మా తీరానికి రేవులు కావాలి. ఇష్టపడి వెళ్లే ప్రయాణమే స్వేచ్ఛ అవుతుంది. గతిలేక వెళ్లేదానికి ఎంత మంచి పాస్‌పోర్టు ఇచ్చినా ఆ పేరు రాదు.

నా తమ్ముడి కొడుకు ఈ ఏడాది పదో తరగతి పరీక్షలు రాస్తున్నాడు. పాసవుతాడు. వాడి పాస్‌పోర్టు నా పాస్‌పోర్టులాగే ఉంటుంది. మా కుటుంబం వరకు సమస్య తీరిందని ఊరుకోవచ్చు. అయితే తనకన్నా బాగా చదివే ఇద్దరు తొమ్మిదో తరగతిలోనే బడి మాని వెరావల్ వెళ్లారని వాడు మొన్న నాతో చెప్పాడు.